కొండ దిగితేనే వైద్యం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. దాని ప్రకారం తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. చూడటానికి ముచ్చటైన అంకెలే. అదే సర్వేలో ఇంకో పేజీ తిప్పితే తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్ర కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లని ఉంటుంది. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే నూటికి ఎనభై పైమాటే. అక్కర ఉన్నా లేకున్నా తల్లులను ఆపరేషన్ బల్ల ఎక్కిస్తున్న ఈ రాష్ట్రాల్లోనే, వానలు మొదలవగానే జిల్లా పేజీల్లో ఏటా ఒకే రకం ఫొటో పడుతుంది. దుప్పటి వేలాడగట్టిన బొంగు, దాన్ని భుజాన వేసుకుని మోకాలి లోతు గడ్డ దాటుతున్న మనుషులు, దుప్పటిలో ముడుచుకున్న నిండు గర్భిణి.

జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని పల్లెలో పనిచేసేవాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందనీ, వైద్యంలోకి వ్యాపారం చొరబడేకొద్దీ ఈ తేడా ముదురుతుందనీ ఆయన 1971లో లాన్సెట్ పత్రికలో రాశాడు. ఆయన చూసింది గని కార్మికుల బస్తీలనే అయినా, పాడేరు, పార్వతీపురం, ఉట్నూరు ఏజెన్సీలను పక్కన పెట్టుకుని చదివితే వాక్యం మార్చే పని ఉండదు.

గత ఇరవై ఏళ్ళలో మన ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. చాలా చేశాయి. కానీ చేసినదాంట్లో సింహభాగం రోగిని కొండ మీద నుంచి కిందికి దించడానికి చేసిందే. వైద్యాన్ని కొండ మీదికి ఎక్కించడానికి ఖర్చు పెట్టింది తక్కువ, పెట్టిన శ్రద్ధ ఇంకా తక్కువ. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

మొదట దించడం సంగతి చూద్దాం. గిరిశిఖర గ్రామంలో రాత్రి నొప్పులు మొదలైతే ముందు సిగ్నల్ అందే గుట్ట దాకా ఎవరో ఒకరు పరుగెత్తాలి. 108కి ఫోన్ కలిస్తే, బండి రోడ్డు ఉన్నంతవరకు వస్తుంది. అక్కడిదాకా డోలీయే. ముందొకరు, వెనకొకరు మోస్తుంటే, భుజం మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు పక్కన నడవాలి. దిగుడులో ముందువాడు చేతులెత్తి బొంగు పైకి పట్టాలి, వెనకవాడు వంగాలి. లేకపోతే మనిషి దుప్పటిలో కాళ్ళ వైపుకి జారిపోతుంది. చేతిలో టార్చి ఉన్నవాడు వీళ్ళకు ముందు. వాన పడి రాయి నాచు పట్టి ఉంటే నలుగురూ చెప్పులు విప్పేస్తారు. ఇదంతా అయి అంబులెన్స్ ఎక్కించాక పీహెచ్‌సీ. అక్కడ బీపీ చూసి, రక్తం తక్కువుందని ఏరియా ఆసుపత్రికి రిఫర్ చేస్తారు. అక్కడ మత్తు డాక్టరు సెలవులో ఉంటే విశాఖ కేజీహెచ్‌కి. రిఫర్ అన్న మాట ఏజెన్సీలో ఇప్పుడు చదువురాని ముసలమ్మలకి కూడా తెలుసు.

కాన్పు మరణాల మీద థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఒక చట్రం ఇచ్చారు. ఆసుపత్రికి వెళ్ళాలని తేల్చుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక చికిత్స మొదలుపెట్టడంలో ఆలస్యం. మన దగ్గర పత్రికలూ నాయకులూ పట్టుకున్నది నడిమి ఆలస్యాన్ని. కారణం సులువే, దానికి ఫొటో ఉంటుంది. ఏరియా ఆసుపత్రి వరండాలో రక్తం సీసా కోసం కూర్చున్న భర్త ఫొటో ఎవరూ తియ్యరు. 2022 మార్చి నాటికి దేశంలో గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరని కేంద్ర ప్రభుత్వ గణాంకాలే చెబుతున్నాయి. సర్జన్లు, ప్రసూతి వైద్యులు, పిల్లల డాక్టర్లు అందరూ ఆ లోటులోనే ఉన్నారు. రోడ్డు వేసి, బండి పెట్టి, గంటన్నరలో దించితే దిగిన చోట ఉన్నది ఆ ఖాళీ.

రోడ్లు వద్దని కాదు. 2024 డిసెంబరులో సాలూరు మండలం బాగుజోల దగ్గర, 2025లో అడవితల్లి బాట పేరుతో పాడేరు ఏజెన్సీలో మొదలుపెట్టిన రోడ్లు పూర్తయితే చాలా గూడేలకు డోలీ తప్పుతుంది. మోటారు సైకిలుకి పక్కన మంచం లాంటి బండి తగిలించిన ఫీడర్ అంబులెన్స్ కూడా మంచి ఆలోచనే, అది నడిచే దారి ఉన్నంతవరకు. వీటన్నిటికంటే నాకు నచ్చింది గర్భిణుల వసతి గృహం. 2018 ప్రాంతంలో సాలూరులో, యువతకు శిక్షణ ఇచ్చే భవనాన్ని ఇందుకు వాడారు. కాన్పు తేదీకి కొన్ని వారాల ముందే తల్లిని కొండ దింపి, తిండి పెట్టి, రోజూ చూసుకుంటూ, నొప్పులు రాగానే పక్కనే ఉన్న ఆసుపత్రికి పంపుతారు. డోలీ మోతకు ఇంతకంటే చౌకైన, తెలివైన జవాబు లేదు. అయినా అది కూడా దించడమే. ఇంట్లో ఇంకో ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లిని నెల రోజులు వచ్చి ఉండమంటే, "పిల్లలనెవరు చూస్తారమ్మా, పోడు ఎవరు కోస్తారు?" అని ఏఎన్‌ఎంనే ఎదురడుగుతుంది. పిల్లలను వెంట తెచ్చుకోనిచ్చి, పోయిన కూలి కట్టిస్తే తప్ప ఆ ప్రశ్నకు సమాధానం లేదు.

ఇక ఎక్కించడం. ఇక్కడ కథ 1946లో మొదలవుతుంది. ఆ ఏడాది వచ్చిన భోర్ కమిటీ నివేదిక తక్షణ ఏర్పాటుగా 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు ఉండాలంది. దీర్ఘకాలంలో అయితే పది ఇరవై వేల మందికి 75 పడకల కేంద్రం ఉండాలని కోరింది. ఆ దీర్ఘకాలం ఇంకా రాలేదు. ఇప్పుడున్న కొలత ప్రకారం మైదానంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ. సబ్‌సెంటరైతే మైదానంలో 5,000, ఏజెన్సీలో 3,000 మందికి ఒకటి. కాగితం మీద గిరిజనుడికి ఎక్కువే ఇచ్చినట్టు కనిపిస్తుంది.

కాస్త లెక్క వేసి చూడండి. కోనసీమలో 5,000 మంది అంటే ఒక పెద్ద ఊరు, దాని శివారు. ఏఎన్‌ఎం స్కూటీ మీద పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఊరంతా చుట్టి రావచ్చు. కొండ మీద గూడేనికి 30 ఇళ్ళు, ఇంటికి అయిదుగురు అనుకుంటే 150 మంది. 3,000 మంది కావాలంటే 20 గూడేలు కూడాలి. గూడేనికీ గూడేనికీ మధ్య ఒక గడ్డో, ఒక ఎక్కుడో. మైదానం ఏఎన్‌ఎంకంటే ఈమె చూడాల్సిన మనుషులు తక్కువే, నడవాల్సిన నేల పదింతలు. కొలత వేసింది తలలకి. దూరానికి, ఎత్తుకి, వాగుకి అందులో చోటే లేదు.

దీని పర్యవసానం టీకా పెట్టె దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఏఎన్‌ఎం పీహెచ్‌సీలో వ్యాక్సిన్ క్యారియర్ తీసుకుంటుంది. నాలుగు పక్కలా నాలుగు ఐస్ ప్యాక్‌లు, మధ్యలో సీసాలు. అదే రోజు సాయంత్రానికి మిగిలినవి వెనక్కి రావాలి. అందులో బీసీజీ సీసా పది డోసులది. పొడిని ద్రవంలో కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, లేదంటే పారెయ్యాలి. మీజిల్స్, రూబెల్లా టీకాదీ అదే నియమం. మూడు గంటలు నడిచి చేరిన గూడెంలో తొమ్మిది నెలల బిడ్డ ఒక్కతే ఉంది. నిబంధన ప్రకారం ఒక్క బిడ్డ ఉన్నా సీసా తెరవాలి. తెరిస్తే మిగతా డోసులు ఆ కొండ మీదే వృథా, తర్వాతి గూడెం చేరేసరికి గడువు తీరిపోతుంది. నెలాఖరు సమీక్షలో వేస్టేజీ ఎందుకింత అని అడిగే అధికారి ఉంటాడు, ఆ బిడ్డకు టీకా ఎందుకు పడలేదని అడిగేవాడు ఎప్పుడోగాని ఉండడు. అందుకని, "సంత రోజు కిందికి తీసుకురామ్మా, అందరితో పాటు వేసేస్తాను" అంటుంది ఏఎన్‌ఎం. ఆమెను తప్పు పట్టలేం. కానీ ఆ సంత రోజున బిడ్డకు జ్వరం వచ్చినా, తల్లికి పని పడినా రికార్డులో ఆ టీకా గడి ఖాళీగా ఉండిపోతుంది.

తలల లెక్కకు ఇంకో దుర్గుణం ఉంది, అది సరిహద్దు దాటితే మారిపోతుంది. అనకాపల్లి జిల్లాలో ఏజెన్సీ అంచున షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరని గిరిజన గ్రామాలు ఉన్నాయి. కొండ అదే, మనుషులు అదే తెగవాళ్ళు, గీత మాత్రం వేరు. వీళ్ళకు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) లేదు, ఏజెన్సీ కొలతలూ వర్తించవు. డోలీ వార్తల్లో ఈ గ్రామాల పేర్లు తరచుగా వినబడటం యాదృచ్ఛికం కాదు.

నిజానికి నడక లెక్కను కేంద్రం ఒకప్పుడు గుర్తించింది. కొన్ని కొండ రాష్ట్రాల్లో, ఎడారి జిల్లాల్లో ఇంటి నుంచి అరగంట నడకలో సబ్‌సెంటర్ ఉండేలా జనాభా కొలతను సడలించవచ్చని జాతీయ ఆరోగ్య మిషన్ ఒప్పుకుంది. తూర్పు కనుమలకు ఆ సడలింపు ఎందుకు వద్దో నాకైతే అర్థం కాదు.

సబ్‌సెంటర్ ఎక్కడున్నా, గూడెంలో రాత్రీ పగలూ ఉండేది ఆశా కార్యకర్త. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో దేశమంతా వచ్చిన ఈ వ్యవస్థకు ముందే 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్‌లు ఉన్నారు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో కొన్నిచోట్ల ఆమెను ఇప్పటికీ సీహెచ్‌డబ్ల్యూ అంటారు. దేశంలో ప్రాథమిక వైద్యమంటూ ఎక్కడైనా కొండ ఎక్కిందంటే ఈమె వల్లనే.

మలేరియానే తీసుకోండి. రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఆ కనుగోలుకు నూటపాతికేళ్ళు దాటాయి. గిరిజన ఆరోగ్యం మీద అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశ జనాభాలో 8.6 శాతం ఉన్న గిరిజనుల వాటా మలేరియా కేసుల్లో సుమారు 30 శాతం, మరణాల్లో దాదాపు సగం. కేసుల వాటా అర్థం చేసుకోవచ్చు, దోమ అక్కడుంది. మరణాల వాటా మాత్రం దోమ తప్పు కాదు. జ్వరం వచ్చిన మర్నాడు రక్తం చూసి, మూడు రోజుల మాత్రలిస్తే బతికేవాళ్ళు పోతున్నారు.

ఆ పరీక్షా, ఆ మాత్రలూ ఆశా సంచిలో పట్టేవే. వేలి చివర సూదితో ఒక చుక్క తీసి ఆర్‌డీటీ కిట్ మీద వేస్తే పావుగంటలో గీతలు పడతాయి. ఫాల్సిపారం అని తేలితే ఏసీటీ ప్యాకెట్. వయసును బట్టి ప్యాకెట్ రంగు వేరు: ఏడాదిలోపు పసిబిడ్డకు గులాబీ, ఒకటి నుంచి నాలుగేళ్ళకు పసుపు, అయిదు నుంచి ఎనిమిదికి ఆకుపచ్చ, తొమ్మిది నుంచి పద్నాలుగుకి ఎరుపు, పెద్దవాళ్ళకు తెలుపు. అక్షరాలు రాకపోయినా రంగు చూసి ఇవ్వొచ్చు. మన ఆరోగ్య శాఖ చేసిన పనుల్లో ఇంత సూటిగా, గూడెం పరిస్థితి చూసి ఆలోచించినది ఇంకోటి చూపించడం కష్టం. పని చెడేది చివర్లో. వానాకాలానికి ముందు సంచి నింపాలి, నింపితేనే ఈ తెలివంతా అక్కరకొస్తుంది. జులైలో గడ్డలు పొంగాక స్టాకు పీహెచ్‌సీకి చేరి ఏం లాభం?

ఆశాకి ఎంతవరకు అధికారం ఇవ్వాలన్న దానిమీద అసలు గొడవ. గడ్చిరోలి మనకు పరాయి ఊరు కాదు, ప్రాణహిత దాటితే వచ్చే జిల్లా. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, నవజాత శిశువులను ఇంటి దగ్గరే చూసే పద్ధతి పెట్టింది. బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి ఆగితే సాయం చెయ్యడం, చీము పట్టి విషజ్వరం లక్షణాలు కనబడితే జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం. మూడో ఏడాదికల్లా నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో ప్రచురించారు. ప్రపంచమంతా ఆ పద్ధతిని చదివింది. 2011లో మన ప్రభుత్వం ఆశాల ద్వారా దేశమంతా అమలు చేసింది. ఇంజెక్షన్ తీసేసి! తూచడం, చూడటం, చెప్పడం ఉంచి, ప్రాణం నిలబెట్టే మందును సంచిలోంచి పక్కన పెట్టింది. తర్వాత 2014లో ఏఎన్‌ఎం జెంటామైసిన్ ఇవ్వొచ్చన్నారు. ఏఎన్‌ఎం ఎక్కడుంది? ఇరవై గూడేలకు ఒకరు.

ఆశా చేతికి ఇంజెక్షన్ ఇవ్వడానికి ఉన్న భయం వెనక ఉన్నది వైద్యవృత్తి పట్టు. సూది పట్టుకునే హక్కు ఎవరిదన్న తగాదా. ఆ తగాదాలో డాక్టర్ల సంఘాలు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది, తప్పు సూది చంపుతుంది. కానీ కొండ మీద ఎంచుకోవాల్సింది మంచి సూదికీ తప్పు సూదికీ మధ్య కాదు. ఏ సూదీ లేకపోవడానికీ, సంత రోజున దుకాణం పెట్టే ఆర్‌ఎంపీ సూదికీ మధ్య.

ఆర్‌ఎంపీ ప్రస్తావన వచ్చింది కాబట్టి, డాక్టర్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. ఎంబీబీఎస్ డాక్టరు ఏజెన్సీలో ఎందుకు ఉండడన్న దానికి కారణాలు అందరికీ తెలిసినవే: క్వార్టర్స్ లేవు, పిల్లలకు బడి లేదు, తోడు లేదు. ప్రభుత్వాలు చూపిన ఎర పీజీ సీటు. పీహెచ్‌సీల్లో పనిచేసినవాళ్ళకు సర్వీసు కోటా, గిరిజన ప్రాంతమైతే మరికాస్త మొగ్గు. ఎర పనిచేస్తుంది, కాబట్టే 2024లో ఆంధ్రలో ఆ కోటా కుదించినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లు రోడ్డెక్కారు. అయితే ఆ ఎర తీసుకొచ్చే డాక్టరు రాగానే వెళ్ళే తేదీ లెక్కపెట్టుకుంటాడు. సీటు రాగానే వెళ్తాడు, స్పెషలిస్టు అయ్యాక ఆ కొండకు తిరిగి రావాల్సిన అవసరం లేదు. 2024లో పాడేరులో మెడికల్ కాలేజీ మొదలైంది, ఆసిఫాబాద్‌లో అంతకు ముందు ఏడే వచ్చింది. వాటి వల్ల పెద్దాసుపత్రి దగ్గరవుతుంది, మంచిదే. కాలేజీ ఉన్నంతమాత్రాన పీహెచ్‌సీ నిండుతుందని మాత్రం అనుకోను.

డాక్టరు కాని వైద్యుడి ప్రయోగం ఛత్తీస్‌గఢ్ చేసింది. 2001లో మూడేళ్ళ కోర్సు పెట్టి, దాటినవాళ్ళను గ్రామీణ వైద్య సహాయకులుగా పీహెచ్‌సీల్లో వేసింది. వైద్య సంఘాల వ్యతిరేకత మధ్య కోర్సు కొన్నేళ్ళకే ఆగిపోయింది. కానీ వాళ్ళ పనిని ఎంబీబీఎస్ డాక్టర్ల పనితో పోల్చి చూసిన పరిశోధకులు 2010లో తేల్చింది, మామూలు జబ్బుల చికిత్సలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదని. ఇవాళ గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేస్తున్న ఎంఎల్‌హెచ్‌పీలు, అంటే ఆరు నెలల అదనపు శిక్షణ పొందిన నర్సింగ్ పట్టభద్రులు, ఒక రకంగా ఆ ఆలోచనకే వారసులు. 2018లో ఆయుష్మాన్ భారత్‌తో వీళ్ళు వచ్చారు. తెలంగాణ పల్లె దవాఖానాలు, ఆంధ్రలో రెండు వేల మందికి ఒకటి అన్న విలేజ్ క్లినిక్‌లు ఈ దారిలోవే. 2023 ఏప్రిల్‌లో ఆంధ్ర ప్రభుత్వం తెచ్చిన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీలోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 బండితో ఊళ్ళు తిరగాలి. తిరిగినచోట మేలే జరిగింది. కానీ బండి కూడా రోడ్డున్న ఊరికే కదా వెళ్ళేది.

ఆర్‌ఎంపీల గురించి మనం మాట్లాడే తీరులో ఒక దాపరికం ఉంది. పేపర్లో నకిలీ వైద్యులు, ఇంట్లో జ్వరమొస్తే డాక్టరుగారు. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నడిపిన ప్రజావైద్యశాల, ఊళ్ళలో వైద్యం చేసే యువకులకు పద్ధతిగా శిక్షణ ఇచ్చి పంపింది. అది ఏనాడో జరిగిన పని. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో ఇలాంటి శిక్షణ మీద అభిజిత్ బెనర్జీ, జిష్ణు దాస్ బృందం శాస్త్రీయంగా పరీక్ష చేసి 2016లో ఫలితాలు ప్రకటించింది. శిక్షణ పొందినవాళ్ళ చికిత్స మెరుగుపడింది. అక్కర్లేని మందులు రాయడం మాత్రం తగ్గలేదు. ఈ రెండో వాక్యం మొదటిదానికంటే తక్కువ ముఖ్యమేమీ కాదు. మందు అమ్మితేనే బతుకుతెరువు ఉన్నవాడికి నేర్పింది తలకెక్కుతుంది, జేబుకి అడ్డొచ్చినది మాత్రం పక్కకు జరుగుతుంది.

డబ్బు ఎటు పోతోందో చూస్తే మిగతాది అర్థమవుతుంది. 108 2005లో, ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి. గుండె ఆపరేషన్ ఊహకు కూడా అందనివాళ్ళకు కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తెరిచిన పథకం ఆరోగ్యశ్రీ, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. కానీ అది పడకెక్కితేనే డబ్బు కట్టే పథకం. బీపీ మాత్ర రోజూ వేసుకుని పక్షవాతం రాకుండా బతికినవాడికి అందులో కోడ్ లేదు, ప్యాకేజీ లేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఖర్చు జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి 2025కల్లా చేరాలనీ, అందులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలనీ రాసుకుంది. 2021–22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం ఆ ఖర్చు 1.84 శాతం. జనం చేతినుంచి పెట్టేది మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం, 2013–14లో 64.2 శాతం ఉండేది, తగ్గింది. తగ్గిన ఆ వాటాలో గూడేనికి అందిందెంతో వేరే లెక్క. ఒక్క ఉదాహరణ: కొండ దిగడానికి అద్దె జీపుకిచ్చే డబ్బు ఏ ఖాతాలో పడుతుందో ఏ అధికారీ పెద్దగా పట్టించుకోడు, ఇచ్చేవాడికి మాత్రం అది వారం కూలి.

సరిహద్దుల్లో ఈ అసమానత విచిత్రమైన రూపాలు తీసుకుంటుంది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, ఎటపాక మండలాలు ఆంధ్రలోకి వచ్చాయి. 2022లో వాటిని పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు. అక్కడివాళ్ళకు చేరువలో ఉన్న పెద్దాసుపత్రి భద్రాచలంలో ఉంది, అది తెలంగాణ. ఛత్తీస్‌గఢ్ కుంట వైపు నుంచి కూడా రోగులు అక్కడికే వస్తారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఆ మండలాల ఆరోగ్య సిబ్బందికి గర్భిణుల జాబితా పట్టుకుని ముందే తరలించడమే పెద్ద పని. ఇటు సాలూరు పక్కన కొటియా గ్రామాలు 21 ఉన్నాయి. ఆంధ్ర, ఒడిశాల మధ్య 1968 నుంచి సుప్రీంకోర్టులో నలుగుతున్న వివాదం. అక్కడ రెండు ప్రభుత్వాలూ పోటీపడి సౌకర్యాలు ఇవ్వజూపుతాయి. మన్యంలో ఎవరైనా సర్కారు దృష్టిలో పడాలంటే రెండు రాష్ట్రాలు తన్నుకోవాలేమో అనిపిస్తుంది.

భాష సంగతి ఎప్పుడూ చివర గుర్తొస్తుంది, ఇక్కడా అంతే. సవర, కువి, గోండి, కొలామి మాట్లాడే పెద్దావిడకి నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో తెలుగులో చెప్పడం రాదు. పక్కనున్న మనవడు తెలుగులో చెప్పేటప్పుడు అందులో సగం పోతుంది, ఆడవాళ్ళ జబ్బయితే అసలే చెప్పడు. ఆ భాషలు వచ్చిన అమ్మాయిలను ఏఎన్‌ఎం, నర్సింగ్ చదువులకు ఎంచి, చదివించి, వాళ్ళ మండలంలోనే వెయ్యడం కష్టమైన పనేం కాదు. బదిలీల నిబంధనల్లో ఆ ఊసే లేదు.

ఏజెన్సీ జబ్బులు కూడా మారుతున్నాయి. మలేరియా, విరేచనాలు, రక్తహీనత పోలేదు, వాటి పక్కన బీపీ, షుగరు వచ్చి చేరాయి. సికిల్ సెల్ ముందునుంచే ఉంది. దాని నిర్మూలనకు 2023 జులైలో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది, కోట్ల మందికి పరీక్షలు చేస్తోంది. అదే ఏడాది నవంబరులో ఆదిమ తెగల కోసం పీఎం జన్‌మన్ వచ్చింది. మన చెంచులు, కొండరెడ్లు, కోలాములు, తోటీలు అందులో ఉన్నారు, సంచార వైద్య వాహనాలు కూడా అందులో భాగమే. అంతా బాగుంది. అయితే పరీక్ష చేసి కార్డు ఇవ్వడం ఒక్క రోజు పని. సికిల్ సెల్ ఉన్న పిల్లాడికి హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ రోజూ, ఏళ్ళ తరబడి అందాలి. బీపీ మాత్ర కూడా అంతే, నెల నెలా రావాలి. ఒక నెల బండి రాకపోతే ముప్పై రోజులు మాత్ర లేదు. ఈ జబ్బుల్లో ఎవరినీ డోలీలో దించి నయం చెయ్యలేం. వీటికి కావాల్సింది నెలవారీ సరఫరా, ఊళ్ళోనే రాసిపెట్టుకునే ఒక మనిషి. ఆంధ్రలో 2019 నుంచి ఆశాకు నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. అది జీతం కాదు, గౌరవ వేతనం. పని మాత్రం ఏడాదికో కొత్తది చేరుతోంది: మలేరియా, టీకా, గర్భిణుల జాబితా, క్షయ, కుష్టు, ఇప్పుడు బీపీ, షుగరు, దీనికి తోడు యాప్‌లో నమోదు. సిగ్నల్ లేని గూడెంలో యాప్!

కొత్త జనాభా లెక్కలు వస్తే సబ్‌సెంటర్ల మంజూరు మళ్ళీ చర్చకు వస్తుంది. 2011 లెక్కల తర్వాత జనం కొండ దిగి వలస పోయిన గూడేలు ఉన్నాయి, వాటిలో తలలు తగ్గి ఉంటాయి. తలల లెక్కే కొనసాగితే అక్కడ ఉన్న కేంద్రం కూడా మిగులు కింద తేలుతుంది. దానికి ముందే ఐటీడీఏలు ఒక పని చెయ్యొచ్చు. ప్రతి గూడెం నుంచి సబ్‌సెంటర్‌కు ఎండాకాలంలో ఎంతసేపు నడక, జులైలో ఎంతసేపు, ఏ గడ్డ ఎన్ని రోజులు దాటనివ్వదు అన్న వివరం ఆశాలకు నోటికి వచ్చు. రాయించుకోవాలి, అంతే. ఆ జాబితా చేతిలో ఉంటే గంట దాటే గూడేల్లో ఆశా సంచి జూన్‌లోగా నింపడం, అక్కడి ఏఎన్‌ఎం వాటా గూడేలను సగానికి తగ్గించడం, టీకా సీసా వృథాని ఆమె లెక్కలోంచి తీసెయ్యడం ప్రభుత్వ ఉత్తర్వుతో అయ్యే పనులు. నవజాత శిశువుకు ఇంజెక్షన్ ఇచ్చే అధికారం మాత్రం ఢిల్లీ దాకా వెళ్ళి గట్టిగా అడగాలి.